స్టెప్డ్ అటెన్యుయేటర్‌కు రోటరీ స్విచ్: ఎలాంటిది కొనాలి, ఎక్కడ దొరుకుతుంది?

దేవరకొండ నుంచి రాసిన మిత్రుడి ప్రశ్న సారాంశం ఇది. ఆయన స్టీరియో యాంప్లిఫయర్‌లో వాల్యూమ్ కంట్రోల్ గరగరలాడుతోంది. పైగా వాల్యూమ్ బాగా తగ్గించినప్పుడు పాట ఎడమ స్పీకర్ వైపుకు జరిగిపోతోంది. దాన్ని తీసేసి 24 మెట్ల స్టెప్డ్ అటెన్యుయేటర్‌ను, అంటే రెసిస్టర్ల మధ్య స్విచ్ తిప్పి వాల్యూమ్‌ను మెట్టు మెట్టుగా మార్చే కంట్రోల్‌ను, సొంతంగా కట్టుకుందామని రెసిస్టర్ల లెక్కలన్నీ వేసుకున్నారు. కానీ 2 పోల్ (ఒకే నాబ్‌తో తిరిగే రెండు విడి సిగ్నల్ దారులు), 24 పొజిషన్ల రోటరీ స్విచ్ నల్గొండలో లేదు, కోఠిలో రెండుసార్లు తిరిగినా దొరకలేదు. ఒక స్టెబిలైజర్ దుకాణంలో మాత్రం మంచి బరువైన రోటరీ స్విచ్ చూపించారు. అది సరిపోతుందా, లేక వేలు పోసి స్విట్జర్లాండ్ ఎల్మా స్విచ్ తెప్పించుకోవలసిందేనా అన్నది ఆయన సందేహం.

సూటిగా చెప్పాలంటే, స్టెబిలైజర్ స్విచ్ ఈ పనికి పనికిరాదు, ఎల్మా మీకు అవసరం లేదు. ఒక్కో ఛానల్‌కు ఒకటి చొప్పున, 1 పోల్ 12 పొజిషన్ల చిన్న ప్లాస్టిక్ బాడీ స్విచ్‌లు రెండు కొనండి. అవి తప్పనిసరిగా మేక్ బిఫోర్ బ్రేక్ రకానివై, అంటే కొత్త కాంటాక్టును పట్టుకున్నాకే పాతదాన్ని వదిలేవై ఉండాలి. కేటలాగుల్లో ఇదే రకాన్ని షార్టింగ్ అని కూడా రాస్తారు. ఒక్కో స్విచ్ చుట్టూ 11 రెసిస్టర్లు వరుసగా కలుపుకుంటే మీ అటెన్యుయేటర్ సిద్ధమవుతుంది. నేను మహబూబ్‌నగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేస్తున్నాను. ఈ మధ్య కాలంలో నా చేతిమీదుగా తయారైన అటెన్యుయేటర్లలో సగానికి పైగా ఈ పద్ధతిలోనివే.

24 అనే అంకె దగ్గరే మీ వెతుకులాట చిక్కుకుపోయిందని నాకనిపిస్తోంది. సాధారణ రోటరీ స్విచ్‌లో ఒక్కో టిక్కుకు 30 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి పూర్తి చుట్టులో 12 పొజిషన్లు వస్తాయి. 24 కావాలంటే టిక్కుకు 15 డిగ్రీలే ఉండాలి, అంటే కాంటాక్టులు సగం దూరంలో పక్కపక్కన కూర్చోవాలి, టిక్కు కచ్చితంగా పడాలి. అలాంటివి నమ్మకంగా చేసేవారు ప్రపంచంలోనే కొద్దిమంది: స్విట్జర్లాండ్‌లో ఎల్మా, జపాన్‌లో సైడెన్, అమెరికాలో షాల్కో వంటివారు. డెన్మార్క్‌కు చెందిన డాక్ట్, పోలండ్‌కు చెందిన ఖోజ్మో రెసిస్టర్లతో సహా కట్టిన అటెన్యుయేటర్లను అమ్ముతారు. అవన్నీ మంచి సరుకే. అయితే 24 మెట్లు పెట్టి మెట్టుకు 2 డెసిబెల్ (శబ్ద స్థాయిలో తేడాకు కొలత) చొప్పున తగ్గిస్తూ పోయినా, ఒక మెట్టును పూర్తి నిశ్శబ్దానికి వదిలేస్తే వచ్చే మొత్తం 44 డెసిబెల్. అదే 44 డెసిబెల్‌ను 12 మెట్లలోనూ సర్దవచ్చు. ఎలాగో కింద విలువలతో సహా ఇచ్చాను.

స్విచ్ కొనే ముందు సర్క్యూట్ ఏదో తేల్చుకోవాలి, ఎందుకంటే స్విచ్‌కు ఎన్ని పోల్స్ కావాలన్నది దాన్నిబట్టే ఉంటుంది. సిరీస్ రకంలో రెసిస్టర్లన్నీ ఒకే గొలుసుగా ఉంటాయి, స్విచ్ ఆ గొలుసు మీద ఒక్కో ముడి నుంచి సిగ్నల్ తీసుకుంటుంది. దీనికి ఛానల్‌కు ఒక్క పోల్ చాలు. షంట్ రకంలో సిగ్నల్ దారిలో ఒకే రెసిస్టర్ స్థిరంగా ఉంటుంది, స్విచ్ ఒక్కో మెట్టుకు ఒక్కో రెసిస్టర్‌ను భూమికి, అంటే సర్క్యూట్ గ్రౌండ్‌కు కలుపుతుంది. దీనికీ ఛానల్‌కు ఒక్క పోలే. ల్యాడర్ రకంలో మెట్టుకు రెండేసి రెసిస్టర్లు విడిగా ఉంటాయి, ఛానల్‌కు రెండు పోల్స్, స్టీరియోకు నాలుగు కావాలి. సిగ్నల్ దారిలో ఎప్పుడూ రెండే రెసిస్టర్లు ఉంటాయని ల్యాడర్‌ను మెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ రోజుల్లో దొరికే 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు గొలుసులో పదకొండు ఉన్నా నా చెవికి తేడా తెలియలేదు. నాలుగు పోల్స్ స్విచ్ కోసం పడే తిప్పలకు తగిన ఫలితం అందులో లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రోటరీ స్విచ్ ఒక పొజిషన్ నుంచి పక్కదానికి జరిగేటప్పుడు రెండు రకాలుగా ప్రవర్తించవచ్చు. మేక్ బిఫోర్ బ్రేక్ రకంలో కొత్త కాంటాక్టును పట్టుకున్న తర్వాతే పాతదాన్ని వదులుతుంది, అంటే నడిమధ్యలో ఒక క్షణం రెండింటినీ పట్టుకుని ఉంటుంది. బ్రేక్ బిఫోర్ మేక్ రకంలో పాతదాన్ని ముందే వదిలేస్తుంది, నడుమ క్షణం దేన్నీ పట్టుకోదు. సిరీస్ అటెన్యుయేటర్‌లో రెండో రకం వేస్తే ప్రతి టిక్కుకు సిగ్నల్ తెగుతుంది, యాంప్లిఫయర్ ఇన్‌పుట్ గాలిలో వేలాడుతుంది, స్పీకర్‌లో టప్పుమని శబ్దం వస్తుంది. చిరాకే గానీ ప్రమాదం లేదు. షంట్ రకంలో బ్రేక్ బిఫోర్ మేక్ స్విచ్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. అక్కడ వాల్యూమ్‌ను తగ్గించి ఉంచుతున్నదే భూమికి కలిసిన ఆ రెసిస్టర్. అది వదిలిన క్షణం సిగ్నల్ పూర్తి బలంతో యాంప్లిఫయర్‌లోకి పోతుంది.

ఇది చదివి నేర్చుకున్న సంగతి కాదు. పదేళ్ల క్రితం నాగర్‌కర్నూల్‌లో ఒక మిత్రుడి కోసం షంట్ రకం కట్టాను. దొరికిన స్విచ్ బ్రేక్ బిఫోర్ మేక్ అని తెలిసే, వేగంగా తిప్పితే ఆ క్షణం తెలియదులే అనుకుని వాడాను. నెల రోజులు బాగానే నడిచింది. ఒక రాత్రి ఆయన పాట మెల్లగా పెట్టుకుని, ఇంకొంచెం తగ్గిద్దామని నాబ్‌ను రెండు వేళ్లతో నెమ్మదిగా తిప్పారు. స్విచ్ రెండు టిక్కుల నడుమ ఆగిపోయింది. ఒక్కసారిగా ఇల్లు అదిరేటంత శబ్దం వచ్చింది. ఆయన కంగారులో నాబ్ వదిలేసి ప్లగ్గు పీకడానికి పరుగెత్తారు. ఆ నాలుగైదు సెకన్లలో కుడి స్పీకర్ ట్వీటర్ (పై శబ్దాలు పలికే చిన్న స్పీకర్) కాయిల్ పోయింది. ట్వీటర్ నేనే కొనిచ్చాను. అప్పటి నుంచి ఇతరుల ఇళ్లలో పెట్టేవి సిరీస్ రకం తప్ప ఇంకేదీ కట్టడం లేదు. సిరీస్ రకంలో కాంటాక్టు చెడినా స్పీకర్ మూగబోతుందే తప్ప అరవదు.

మీరు చూసిన స్టెబిలైజర్ స్విచ్ ఎందుకు వద్దో ఇందులోనే ఉంది. మాన్యువల్ స్టెబిలైజర్‌లో స్విచ్ ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపింగ్‌లను (చుట్ట నడుమ నుంచి బయటికి తీసిన వైర్లను) మారుస్తుంది. అది నడుమ క్షణం రెండు ట్యాపింగ్‌లను కలిపిందంటే వాటి మధ్యనున్న చుట్లు షార్ట్ అయి కాలిపోతాయి కాబట్టి దాన్ని కావాలనే బ్రేక్ బిఫోర్ మేక్‌గా చేస్తారు. అక్కడ గుణమైనది ఇక్కడ దోషమవుతుంది. ఫ్యాన్ రెగ్యులేటర్ స్విచ్, మోటారు స్టార్టర్ ప్యానెల్‌లో ఉండే వోల్ట్‌మీటర్ సెలెక్టర్ స్విచ్ కూడా ఈ కోవలోకే వస్తాయి. ఇంకో కారణం ఉంది. ఆ కాంటాక్టులు ఆంపియర్లలో కరెంటు మోయడానికి చేసినవి. వాటి మీద పేరుకునే పల్చటి తుప్పు పొరను ఆ కరెంటే ఛేదించుకుని పోతుంది. ఆడియో సిగ్నల్‌కు అంత బలం లేదు, మిల్లీవోల్టులు ఆ పొర దగ్గరే తడబడతాయి. కొత్తలో బాగానే మోగి, ఒక వానాకాలం గడిచేసరికి ఒక ఛానల్ వస్తూ పోతూ ఉంటుంది. అందుకే చిన్న సిగ్నల్‌కు బంగారు పూత కాంటాక్టులు మేలు. వెండి పూతవి కూడా నడుస్తాయి, కానీ తరచుగా తిప్పుతూ ఉండాలి. రాపిడికి నలుపు పోతుంది.

దుకాణంలో నిలబడి స్విచ్ రకం తేల్చుకోవడానికి మల్టీమీటర్ ఒక్కటి చాలు. మీటర్‌ను బీప్ పొజిషన్‌లో పెట్టి, ఒక ప్రోబ్ 1వ కాంటాక్టు మీద, రెండోది 2వ కాంటాక్టు మీద ఆనించండి. కామన్ (అన్ని పొజిషన్లకూ ఉమ్మడిగా ఉండే కాలు) మీద ఏదీ పెట్టవద్దు. ఇప్పుడు నాబ్‌ను 1 నుంచి 2కు చాలా నెమ్మదిగా, రెండు టిక్కుల నడుమ వేళ్లతో ఆపి పట్టుకుంటూ తిప్పండి. మధ్యలో చిన్న బీప్ వినిపిస్తే స్విచ్ రెండింటినీ కలిపి పట్టుకున్నట్టు, అంటే మీకు కావలసిన రకమే. ఎంత మెల్లగా తిప్పినా బీప్ రాకపోతే అది వదిలి పట్టుకునే రకం. దుకాణదారు మాట మీద ఆధారపడకండి. ఆయన అబద్ధం చెబుతాడని కాదు, ఆయనను ఈ ప్రశ్న అడిగేవారు ఏడాదికి ఒకరైనా ఉండరు. అదే పరీక్షను కనీసం మూడు నాలుగు జతల కాంటాక్టుల మీద చేయండి. చౌక స్విచ్‌లలో కొన్ని టిక్కుల దగ్గర కలిసి, కొన్నింటి దగ్గర కలవని సరుకు నాకు తగిలింది.

కోఠిలో మీకు దొరకకపోవడానికి అడిగిన మాట కూడా కారణం కావచ్చు. గుజరాతీ గల్లీలో పాత దుకాణాల వాళ్లకు ఇది బ్యాండ్ స్విచ్. రేడియోలో మీడియం వేవ్ నుంచి షార్ట్ వేవ్‌కు మార్చేది ఇదే కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. రోటరీ స్విచ్ అంటే కరెంటు ప్యానెల్ సరుకు చూపిస్తారు, లేదా ట్రూప్ బజార్‌కు పొమ్మంటారు. '1 పోల్ 12 వే బ్యాండ్ స్విచ్' అని అడగండి. అదే ప్లాస్టిక్ బాడీలో 2 పోల్ 6 వే, 3 పోల్ 4 వే, 4 పోల్ 3 వే కూడా వస్తాయి; బయటికి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి వెనుక కామన్ కాళ్లు లెక్కపెట్టి చూసుకోండి, ఒక్కటే ఉండాలి. ఇమ్లీబన్‌లో బస్సు దిగితే గల్లీ దాకా నడిచిపోవచ్చు. ఆదివారం మాత్రం పెట్టుకోకండి.

ఆ గల్లీలో దొరికే మామూలు సరుకులో ఎక్కువ భాగం బ్రేక్ బిఫోర్ మేక్ రకమే అని ముందే చెప్పాలి. నేను ఒకసారి ఒకే దుకాణంలో డబ్బా ముందు పెట్టుకుని పద్నాలుగు స్విచ్‌లు మీటర్‌తో చూశాను, మూడు మాత్రమే బీప్ అన్నాయి. దొరక్కపోతే మొబైల్‌లోనే విడిభాగాల సైట్లు తెరవండి. ఎలిమెంట్14, మౌజర్, డిజీకీ వంటివాటిలో ఇంగ్లండ్‌కు చెందిన లోర్లిన్, అమెరికాకు చెందిన గ్రేహిల్ స్విచ్‌లు ఉంటాయి. అక్కడ వెతికేటప్పుడు షార్టింగ్ అనే గడిలో టిక్కు పెడితే మీకు పనికిరానివన్నీ తొలగిపోతాయి. నాన్ షార్టింగ్ అని ఉంటే ఎంత చౌకైనా వదిలేయండి. విదేశీ గోదాము నుంచి వచ్చేదైతే కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కొరియర్ చార్జీ కలిసి స్విచ్ ధరను మించిపోవచ్చు కాబట్టి, డబ్బు కట్టే ముందు మొత్తం ఎంతో చూసుకోండి. కొరియర్ వాళ్లు గుర్తింపు పత్రాలు కూడా అడుగుతారు. నేను ఒంటరిగా ఎప్పుడూ తెప్పించను. సూర్యాపేటలో ఒకరు, కర్నూలులో ఒకరు ఇదే పిచ్చి ఉన్నవాళ్లు ఉన్నారు. ముగ్గురి అవసరాలు ఒక జాబితాగా కూడిన తర్వాతే ఆర్డర్ పెడతాం.

2 పోల్ 24 పొజిషన్ల చైనా స్విచ్‌ల సంగతి కూడా చెప్పాలి. 2020 నవంబరులో అలీఎక్స్‌ప్రెస్‌ను మన దేశంలో నిషేధించకముందు ఇవి ఇంటికే వచ్చేవి. ఇప్పుడు దేశంలోని అమ్మకందార్ల ద్వారా అప్పుడప్పుడు కనిపిస్తాయి. వాటిని పూర్తిగా తీసిపారేయను. నేను నాలుగు వాడాను, రెండు ఇప్పటికీ బాగా నడుస్తున్నాయి. మూడోదానిలో సోల్డర్ చేసేటప్పుడు వేడికి ప్లాస్టిక్ మెత్తబడి ఒక కాంటాక్టు పక్కకు ఒరిగింది. నాలుగోది అసలు ఆగకుండా చుట్టూ తిరిగే రకం. దీని గురించి గట్టిగా హెచ్చరించాలి. చివరి మెట్టు దగ్గర అడ్డు లేని స్విచ్‌లో, పూర్తి నిశ్శబ్దం దగ్గర నుంచి ఇంకొక్క టిక్కు వెనక్కి తిప్పితే నేరుగా పూర్తి వాల్యూమ్‌కు పోతుంది. పిల్లలున్న ఇంట్లో అది జరగకుండా ఉండదు. 24 పొజిషన్ల స్విచ్ ఏది కొన్నా మొదటి, చివరి పొజిషన్ల నడుమ స్టాప్ ఉందా అని అడిగి కొనండి.

పాత సరుకు మీద ఆసక్తి ఉంటే ఇంకో దారి ఉంది. కాలేజీ ఫిజిక్స్ ల్యాబులు, పాలిటెక్నిక్‌లు పాత పరికరాలను తీసేసినప్పుడు డెకేడ్ రెసిస్టెన్స్ బాక్సులు (డయల్ తిప్పి కావలసిన రెసిస్టెన్స్ పెట్టుకునే పెట్టెలు) తుక్కు దుకాణాలకు వస్తాయి. డయల్ ఉన్నవాటిలో ఒక్కో డయల్ కింద 0 నుంచి 10 దాకా 11 పొజిషన్ల ఇత్తడి కాంటాక్టుల స్విచ్ ఉంటుంది, చాలావాటిలో అది మేక్ బిఫోర్ బ్రేక్ రకమే. వనపర్తిలో కిలో లెక్కన కొన్న బాక్సులో నాకు అలాంటివి నాలుగు దొరికాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో తుడిచేసరికి ఇత్తడి పసుపు తేలింది, నాబ్ తిప్పితే వెన్న మీద కత్తి జరిగినట్టు జరిగింది. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ, జుమ్మెరాత్ బజార్‌లోనూ పాత ఆసిలేటర్లు, సిగ్నల్ జనరేటర్ల నుంచి పీకిన పింగాణీ వేఫర్ (కాంటాక్టులు బిగించిన పలక) స్విచ్‌లు ఒకప్పుడు బాగా కనిపించేవి; అవి అదృష్టాన్ని బట్టి దొరికేవే గానీ వాటినే నమ్ముకుని పని మొదలుపెట్టకూడదు. పాత వాల్వ్ రేడియోల బ్యాండ్ స్విచ్‌లకు పోల్స్ ఎక్కువ, పొజిషన్లు మూడో నాలుగో మాత్రమే కాబట్టి అవి ఈ పనికి అక్కరకు రావు.

ఇంక రెసిస్టర్ల విలువలు. ఇవి మొత్తం దాదాపు 10 కిలో ఓమ్‌ల గొలుసుకు, పై చివర నుంచి భూమి వైపుకు వరుసగా: 3 కిలో ఓమ్, 2 కిలో, 1.5 కిలో, 1 కిలో, 910 ఓమ్, 560, 430, 240, 160, 91, 62. వీటితో 0 తర్వాత దాదాపు 3, 6, 9, 12, 16, 20, 25, 30, 36, 44 డెసిబెల్ తగ్గుదలలు వస్తాయి, పన్నెండోది పూర్తి నిశ్శబ్దం. మెట్లు సమానంగా లేవని మీరు గమనించి ఉంటారు. వినే చోట మెట్లు దగ్గరగా, ఎవరూ ఆగని చోట దూరంగా ఉండేలా వేసిన లెక్క ఇది. 430, 240, 91 వంటి విలువలు మన చిన్న ఊళ్లలో దొరకవు. 430 బదులు 220 రెండు, 240 బదులు 120 రెండు వరుసగా కలపండి, 91 బదులు 100 వేసినా చెవికి తెలియదు. అన్నీ పావు వాటు, 1 శాతం మెటల్ ఫిల్మ్ రకం చాలు. ఆ 1 శాతం తేడాలన్నీ ఒకే వైపుకు కూడినా ఒక ఛానల్‌లో వచ్చే తప్పు 0.2 డెసిబెల్ లోపే కాబట్టి, వాల్యూమ్ తగ్గించినప్పుడు పాట ఎడమకు జరగడమనే మీ ఫిర్యాదు ఇక ఉండదు.

మీరు 100 కిలో ఓమ్‌ల గొలుసుకు లెక్క వేసినట్టు రాశారు. వాల్వ్ పరికరం నుంచి సిగ్నల్ వచ్చేటట్టయితే అది సరే. ఫోను, డాక్ (డిజిటల్ సిగ్నల్‌ను ఆడియోగా మార్చే పరికరం), సీడీ ప్లేయర్ వంటివాటికి 10 కిలో ఓమ్‌లే మేలు. సిరీస్ అటెన్యుయేటర్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (బయటికి పోయే సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) 6 డెసిబెల్ మెట్టు దగ్గర అత్యధికం, మొత్తంలో నాలుగో వంతు ఉంటుంది: 100 కిలో గొలుసుకు 25 కిలో, 10 కిలో గొలుసుకు 2.5 కిలో. తర్వాతి కేబుల్, యాంప్లిఫయర్ ఇన్‌పుట్ కలిసి 300 పికోఫారడ్ కెపాసిటెన్స్ ఉందనుకుంటే మొదటిదానిలో 21 కిలోహెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్ పడిపోతుంది, రెండోదానిలో అది 212 కిలోహెర్ట్జ్ దాకా పోతుంది. పై శబ్దాల మెరుపు తగ్గిందని నా దగ్గరికి తెచ్చిన ఒక యాంప్లిఫయర్‌లో జబ్బు అచ్చంగా ఇదే.

పన్నెండు మెట్లు చాలవేమోనన్న అనుమానం మీకు ఇంకా ఉంటే, ఉన్న వాల్యూమ్ కంట్రోల్ చుట్టూ కాగితం టేపు అంటించి, వారం రోజులపాటు మీరు ఏ స్థాయిలో వింటే అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి. నేను చూసిన ఏ ఇంట్లోనూ గీతలు నాలుగైదు చోట్లకు మించి పడలేదు. వాటి విలువ తెలియాలంటే, ఫోనులో టోన్ జనరేటర్ యాప్‌తో 200 హెర్ట్జ్ శబ్దం పెట్టి, కంట్రోల్ ఇన్‌పుట్ దగ్గర, అవుట్‌పుట్ దగ్గర ఏసీ వోల్టులు కొలవండి. చౌక మీటర్లు 400 హెర్ట్జ్ దాటితే తప్పు చూపిస్తాయి కాబట్టి ఎక్కువ ఫ్రీక్వెన్సీ పెట్టవద్దు. ఈ కొలతల్లో ఒక సంగతి తప్పక బయటపడుతుంది. సీడీ ప్లేయర్లు పూర్తి స్థాయిలో 2 వోల్టులు ఇస్తాయి. యాంప్లిఫయర్ 20 రెట్లు పెంచేదైతే 8 ఓమ్‌ల స్పీకర్‌కు 30 వాట్లు రావడానికి ఇన్‌పుట్‌లో 0.8 వోల్టు కూడా అక్కరలేదు. అంటే పైనున్న 8 డెసిబెల్ మెట్లు అలంకారానికే. అలాంటప్పుడు గొలుసు పై చివరన ఇంకో 10 కిలో రెసిస్టర్ కలిపితే మెట్లన్నీ 6 డెసిబెల్ కిందికి జరుగుతాయి, పన్నెండూ పనికొచ్చే చోటికి వస్తాయి.

రెండు నాబులు విడివిడిగా తిప్పాలన్నది ఈ పద్ధతిలో నిజమైన ఇబ్బందే, దాచిపెట్టను. నాకైతే గది ఒక మూలన కూర్చుని వింటాను కాబట్టి కుడిదాన్ని ఒక మెట్టు తగ్గించుకోవడం బ్యాలెన్స్ కంట్రోల్‌లా పనికొస్తుంది. మా ఇంట్లోవాళ్లు మాత్రం ఒక్క పాట వినడానికి రెండు చేతులా అని ఇప్పటికీ విసుక్కుంటారు. ఒకే నాబ్, రిమోట్ కావాలనుకుంటే రిలేల (కరెంటుతో మారే స్విచ్‌ల) దారి పట్టాలి. ఆరు చిన్న సిగ్నల్ రిలేలతో 64 మెట్లు వస్తాయి. ఓఈఎన్ కంపెనీ రిలేలు కోఠిలో సులభంగానే దొరుకుతాయి. అయితే 31 నుంచి 32వ మెట్టుకు మారేటప్పుడు ఆరు రిలేలూ ఒకేసారి తిరగబడతాయి, అక్కడ టప్పుమనకుండా చేయడానికి వేరే కసరత్తు కావాలి. వాల్యూమ్‌ను లోపలే మార్చే పీజీఏ2311 వంటి ఐసీలు కూడా ఉన్నాయి. అవి వేరే చర్చ.

కట్టేటప్పుడు రెండు మూడు జాగ్రత్తలు. ముందు రెసిస్టర్లను ఒకదానికొకటి వంచి గొలుసుగా సోల్డర్ చేసుకుని, ఆ తర్వాతే ముళ్లను స్విచ్ కాళ్లకు అతికించండి. ఒక్కో కాలు మీద ఐరన్ రెండు సెకన్లకు మించి ఉంచకండి, వరుసగా పక్కపక్క కాళ్లు కాకుండా ఎదురెదురు కాళ్లు చేసుకుంటూ పోతే ప్లాస్టిక్ చల్లారే సమయం దొరుకుతుంది. స్విచ్‌ను కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఫ్లక్స్ కారి కాంటాక్టుల్లోకి దిగదు. మెకానిక్కుల్లో పెట్రోలుతో కడిగే అలవాటు ఉంది, దయచేసి అది చేయకండి. టిక్కు దగ్గర ఉన్న గ్రీజు కరిగిపోయి స్విచ్ బిగుసుకుంటుంది. కామన్ నుంచి భూమికి 1 మెగా ఓమ్ రెసిస్టర్ ఒకటి వేయండి, కాంటాక్టు ఎప్పుడైనా వదిలినా ఇన్‌పుట్ గాలిలో వేలాడదు. ఇవన్నీ చేసినా ప్రతి టిక్కుకు చిన్న టప్పు వినిపిస్తే తప్పు స్విచ్‌ది కాకపోవచ్చు. అటెన్యుయేటర్ ఇన్‌పుట్ మీద డీసీ మిల్లీవోల్టులు కొలవండి. పదుల్లో ఉంటే ముందున్న పరికరంలో కప్లింగ్ కెపాసిటర్ (డీసీని ఆపి సిగ్నల్‌నే పంపేది) లీక్ అవుతోందని అర్థం.

స్విచ్ బిగించే ముందు నట్టు కింద ఉన్న వాషర్‌ను విప్పి చూడండి. దానికి చిన్న కొక్కెం ఉంటుంది, అది ఏ అంకె రంధ్రంలో కూర్చుంటే స్విచ్ అన్ని పొజిషన్లకే తిరుగుతుంది. 12 వే స్విచ్ అని కొన్నది ఆరు దగ్గరే ఆగిపోతోందని ఒకాయన మిర్యాలగూడ నుంచి నాకు తిరిగి పంపారు. కొక్కెం 6 దగ్గర ఉంది, అంతే. మీది 12వ రంధ్రంలో పెట్టుకుని, స్పీకర్లు కలపకముందే మీటర్‌తో ఒక్కో మెట్టు రెసిస్టెన్స్ కొలిచి కాగితం మీద రాసుకోండి, రెండు స్విచ్‌ల అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే తప్పు అతుకు ఎక్కడుందో అక్కడే దొరుకుతుంది.

నాబులు కూడా స్విచ్‌లు చేతికి వచ్చాకే కొనండి. మన దగ్గర దొరికే నాబులు 6 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కు చేసినవి, అమెరికా స్విచ్‌లు, పాత ల్యాబ్ స్విచ్‌లు చాలావరకు పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. ఆ మూడో వంతు మిల్లీమీటర్ కోసం నేను ఒకసారి నాబ్‌ను సుత్తితో కొట్టి ఎక్కించబోయి స్విచ్ వెనుక వేఫర్‌ను పగలగొట్టాను. తప్పనిసరైతే నాబ్ రంధ్రాన్నే 6.4 డ్రిల్ బిట్‌తో పెంచండి, షాఫ్ట్‌ను అరగదీయకండి. ఆ లోహపు పొడి నేరుగా కాంటాక్టుల్లోకే పోతుంది.